రాయి అన్న మాట

వాల్వాయన పొద్దున్నే ఫ్యాక్టరీకెళ్ళి, పెద్ద ఫ్యాన్లు ఆన్ చేసి, టీ తాగేవాడు. ఫ్యాన్లు ఊళ్ళో గాలిని లాగి, మనం వదిలే బొగ్గుపులుసు వాయువును వేరుచేసేవి. ఆ తర్వాత దానికి రెండే దారులు. ఆయన వాల్వు ఎడమకి తిప్పితే సోడా కంపెనీకి పోతుంది. కుడికి తిప్పితే నీళ్ళలో కలిసి భూమి అడుక్కి దిగి, అక్కడ రాయైపోతుంది.

ఊపిరితోపాటు మాటలూ వచ్చేవి. రాకేం చేస్తాయి, రెండూ ఒకే నోట్లోంచేగా! సోడాలోకెళ్ళిన మాట ఎవడి త్రేన్పులోనో కొట్టుకుపోయేది. రాయైన మాటకిక తిరుగులేదు. అందుకే కొత్త జంటలు రాయి వైపు తిప్పమనీ, తిట్టుకున్నవాళ్ళు సోడా వైపు తిప్పమనీ ఆయన్ని బతిమాలేవారు.

అన్నీ తెలిసిన ఆ మనిషే, నచ్చనివాణ్ణి చేసుకుందని కూతుర్ని "చచ్చినా నా గుమ్మం తొక్కకు" అన్నాడు. నోరా అది? ఆ మాట ఇంట్లోనే వేలాడుతూ ఉండిపోయింది. పిల్ల ఎన్నిసార్లొచ్చినా కాలు గుమ్మం ముందే ఆగిపోయేది. ఇప్పుడు తల్లి మంచాన పడింది. ఇక ఆశ లేదు, కదిపితే అంతే అన్నాడు డాక్టరు. ఆవిడ తలుపు వైపే చూస్తోంది. వీధిలో కూతురు ఏడుస్తోంది.

వాల్వాయన కిటికీలన్నీ తెరిచి, తువ్వాలుతో విసిరి విసిరి ఆ మాటను బయటికి తోలాడు. వెంటనే డ్యూటీలో ఉన్న తోటివాడికి ఫోన్ చేశాడు.

"బావా, నా మాటొస్తోంది! వచ్చిన టైం రాయి, సోడాకి వదిలెయ్!"

కాసేపటికి ఫోన్ మోగింది. "పనైపోయింది బావా. రాయికి తిప్పేశా."

"సోడాకని చచ్చేట్టు అరిచాను కదయ్యా!"

"నువ్వేగా రాయి అన్నావ్! ఫ్యాన్ల మోతలో అదొక్కటే వినబడింది."

"టైం రాసుకోమన్నాను... నా ఖర్మ!" వాల్వాయన తన నోటిమీద తనే కొట్టుకున్నాడు.

బయట కూతురు కాలెత్తబోయింది. లేవలేదు. "నాన్నా, నావల్ల కావట్లేదు!"

"నన్నే తీసుకెళ్ళు," అంది భార్య.

"కదిపితే ప్రాణం పోతుందే!"

"దాన్ని చూడకుండా ఉంచుకుని ఏం చేసుకోను?"

ఆయన భార్యను రెండు చేతులా ఎత్తుకుని, గుమ్మం దాటి, వీధిలో కూతురి ఒళ్ళో పడుకోబెట్టాడు. ఆవిడ కూతురి చెంపలు తడిమింది, జుట్టు సరిచేసింది. ఆ చెయ్యి అలాగే జారిపోయింది.

జనం పోగై, శవాన్ని లోపలికి తీసుకెళ్దామన్నారు. పిల్ల తల్లిని వదల్లేదు. వాల్వాయన అందరికీ అడ్డంగా చేతులు చాచి, వాళ్ళిద్దరి పక్కనే నేలమీద కూలబడ్డాడు. ఎంతమంది ఎన్ని అడిగినా నోరు తెరవలేదు.