మినహాయింపు పేజీ

ఇంతకీ ఆ కామా అక్కడ ఉండాలా అక్కర్లేదా, ఉండనీ, ఆన్‌లైన్ పందేలే ఆగిపోతుంటే కామా కోసం ఎవరేడుస్తారు అనుకుంటూ ఆమె పేజీలన్నిటి కిందా గబగబా పొడి సంతకాలు పెట్టేసింది, సర్కారు ఉత్తర్వుల ప్రూఫులు దిద్దే ఈ ఉద్యోగంలో పదిహేడేళ్లు, ఎదుటి మనిషి పైకి చదువుతుంటే అక్షరం అక్షరం పోల్చుకోకుండా సంతకం చెయ్యడం ఇదే మొదలు, చెయ్యదూ మరి, ఈ నిషేధం కోసం ఆర్నెల్లుగా కాచుకుని కూచుంది, తమ్ముడు అన్నం దగ్గర కూడా ఫోను వదలడు, కుడిచేత్తో ముద్ద, ఎడంచేత్తో పందెం, వాడు మానితేనే వస్తానని మరదలు పుట్టింటికెళ్లి రెండు నెలలు, సర్కారు మూసేస్తే నేనూ మూసేస్తానక్కా అన్నాడు వెధవ, మూసేస్తోందిరా అని పొద్దున్నే వాడికి చెప్పేసింది కూడా.

అనుబంధం, అన్నాడు చదివే పెద్దాయన గొంతు సవరించుకుని, అనుబంధమేమిటి, నిన్న లేదే, స్థానిక వినోదం కింద లైసెన్సున్న పందెం కేంద్రాలకు ఈ ఉత్తర్వు వర్తించదు, ఫుల్‌స్టాప్, ఊళ్లో లైసెన్సున్నదల్లా బస్టాండు ఎదురుగా అద్దాల తలుపుల హాలు, మంత్రిగారి వియ్యంకుడిది, మొదటి పేజీలో కుటుంబాలను పీల్చి పిప్పి చేసే మహమ్మారి అని రాసి చివరి పేజీలో స్థానిక వినోదమట, సిగ్గు లేకపోతే సరి, ఫోనులో మునిగితే కొంప మునిగినట్టు, వియ్యంకుడి హాల్లో మునిగితే తేలినట్టా, ఈ పేజీ వెనక్కి పంపిద్దాం సార్ అంది, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, దీని కిందా నీ సంతకం ఉందమ్మా, రేపు సరిచూసిందెవరంటే నిన్నే చూపిస్తారు, ఊరుకో, అన్నాడు.

ఊరుకోవడమా, ఒళ్లు మండిపోతోంది, ఇంతలో తమ్ముడి ఫోను, గొంతులో ఎక్కడలేని హుషారు, నీమీదొట్టు అక్కా, ఫోనులో ఉన్నవన్నీ తీసేశాను, బస్టాండు ఎదురు హాల్లో చేరాను, ఫోను పందేలు ఆగినా మాది ఆగదు, ఫోనులో ఆడేవాళ్లకి చేరే రుసుం లేదని వాళ్లే వారం కింద కబురు చేశారు, అది సర్కారు ఒప్పుకున్నదేగా, ఇక నీ మరదల్ని రమ్మని నువ్వే చెప్పు, వారం కిందటా, ప్రూఫు దిద్దే తనకే ఈ పూట తెలిసిన మాట హాలువాళ్లకి వారం కిందటే తెలుసు, ఎంత మోసం, తమ్ముడు ఇంకా ఏదో చెబుతున్నాడు, ఆమె కళ్లు చివరి పేజీ మీదే ఉన్నాయి, ఆర్నెల్లుగా తను ఎదురుచూసింది తమ్ముణ్ణి ఆ హాలు మెట్లెక్కించే కాగితం కోసం, ఎక్కించిన చెయ్యి తనది.