వంతెన మీద నాలుగొందల గజాలు

బట్టలు కుట్టేవాళ్లకి ఒక అబద్ధం పుట్టుకతోనే వస్తుంది. "అంతా అయిపోయిందండీ, కాజాలు తియ్యడమే మిగిలింది" అంటారు. అప్పటికి ఆ గుడ్డ కత్తెర మొహం కూడా చూసి ఉండదు. మన కథలో మరదలు పాతికేళ్లుగా మిషను తొక్కుతున్న మనిషి. ఆ ముక్క రోజుకి నాలుగుసార్లు, మెడలో టేపు సవరించుకుంటూ, చిరునవ్వు చెదరకుండా చెప్పగలదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అతకడం ఆవిడ వృత్తే కదా. అయినా ఆ ఆదివారం పొద్దున్నే వదినతో ఆడిన అబద్ధం మాత్రం ఆవిడకే సరిగ్గా అతకలేదు.

"దారంతా కంకరే వదినా. నది కట్ట మీద, రెండు పక్కలా పొలాలు. ఒక్క బండి కూడా రాదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"మరి అవతలికి ఎలా వెళ్తాం?"

"పంపుహౌసు దగ్గర నడిచేవాళ్ల వంతెన ఉందిగా, సైకిళ్లు నడిపించుకుంటూ దాటేద్దాం" అంది మరదలు. ఆ చెక్క వంతెన రెండేళ్ల కిందటి వరదలో కొట్టుకుపోయింది. వదిన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, "సరే పద" అంది.

వదిన ఆసుపత్రిలో నర్సు. కదల్లేని ముసలివాళ్ల ఇళ్లకి ఇరవై ఏళ్లు సైకిలు మీద వెళ్లి, పుళ్లు కడిగి, కట్లు కట్టి, మందులెందుకు మింగలేదని నాలుగు తిట్టి వచ్చేది. వాళ్లకి ఆ తిట్లే సగం మందు. కిందటేడు వానల్లో ఒక వ్యాను వెనకనించి వచ్చి తగిలింది. తుంటి ఎముక మూడు నెలల్లో అతుక్కుంది కానీ భయం అతుక్కోలేదు, అలాగే విరిగిన చోట ఉండిపోయింది. రోడ్డు దాటాలన్నా పక్కవాళ్ల చెయ్యి పట్టుకునేది. ఆసుపత్రివాళ్లు జాలిపడి మందుల గదిలో కూర్చోబెట్టారు. సీసాల మీద తారీఖులు చూసి అరల్లో సర్దే పని. కడుపులో చల్ల కదలని ఉద్యోగమని అందరూ మెచ్చుకున్నారు. ఆ గదికి కిటికీ లేదన్న సంగతి ఎవరూ చూడలేదు. ఏడాదిలో రెండుసార్లు ఆవిడ యూనిఫాం బిగించింది మరదలు. రెండోసారి టేపు పట్టుకున్నప్పుడు, నడుము కొలత నమ్మలేక మళ్లీ కొలిచింది.

ఇప్పుడు నది అవతల పొలాల్లో ఉన్న ఇళ్లు చూసే నర్సు మానేసింది. ఆ పని కావాలో వద్దో సోమవారం చెప్పమన్నారు వదినని. అక్కడికి బస్సుల్లేవు, సైకిలు తొక్కగలిగినవాళ్లే చెయ్యాలి. వదిన వద్దని రాసి కాగితం సంచిలో పెట్టుకుంది. మరదలు ఆ కాగితం చూసింది. ఆడపడుచు అర్ధమొగుడు అని ఊరికే అన్నారా? సంచి చూసే హక్కు ఆవిడకి ఆవిడే ఇచ్చుకుంది.

మూడు ఆదివారాలు అద్దె సైకిలు మీద తిరిగి ఈ దారి వెతికింది. కట్టకి రెండు చివర్లా ఇనప స్తంభాలు పాతారు కాబట్టి నాలుగు చక్రాలది ఏదీ ఎక్కలేదు. బంగారంలాంటి దారి. కానీ నదిని దాటాలంటే పెద్ద వంతెన తప్ప గతిలేదు. చక్రం చుట్లు లెక్కపెట్టి మరీ కొలిచింది, నాలుగొందల గజాల తారురోడ్డు, దాని మీద లారీలు. ఈ సంగతి ముందే చెబితే వదిన గడప దాటదని, అక్కడిదాకా వచ్చాక చూసుకుందామని దాచింది. గిరాకీకి వాయిదా వేసినట్టే వేసింది.

కట్ట ఎక్కిన పది నిమిషాల్లో వదిన ముందుచక్రం రెండుసార్లు జారింది. హ్యాండిలు మీద ఆవిడ వేళ్లు తెల్లబడ్డాయి. మూడోసారి జారేసరికి దిగి, టైరు నొక్కి చూసింది.

"గాలి ఎవరు కొట్టారు?"

"నేనే. బాగా గట్టిగా కొట్టా, పంక్చరు కాకుండా."

"రాయిలా ఉంది. కంకర మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే కదా నేలని పట్టుకునేది. ఇలా అయితే గులకరాయి గులకరాయికీ ఎగురుతుంది. నీకు తెలీనప్పుడు అడగొచ్చుగా?" అని రెండు సైకిళ్లకీ గాలి తగ్గించింది. బొటనవేలితో నొక్కి, ఇంకొంచెం వదిలి, మళ్లీ నొక్కింది. ఏడాది తర్వాత వదిన తిట్టిన మొదటి తిట్టు అది. మరదలికి పండగలా అనిపించింది, ఇంకో రెండు తింటే బాగుండుననుకుంది.

ఆ తర్వాత సైకిళ్లు సాఫీగా సాగాయి. చక్రాల కింద కంకర కరకరమంటోంది, ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎడంపక్క నది బద్ధకంగా, మట్టిరంగులో పారుతోంది. కుడిపక్క మోకాలెత్తు మొక్కజొన్న, దాటితే ఉల్లిమడులు, దూరంగా నీళ్లు చిమ్మే పైపు. కట్ట వాలులో మేస్తున్న ఆవులు తలెత్తి చూసి, వీళ్లవల్ల అయ్యేదేం లేదని మళ్లీ మేతలో పడ్డాయి. వదిన ముందు వెళ్తోంది. వీపు మెల్లమెల్లగా వదులవడం మరదలు వెనకనించి చూసింది. భుజాల దగ్గర కుట్లు బిగుసుకుని ఉన్న చొక్కా ఇప్పుడు గాలికి ఆడుతోంది. కూనిరాగం కూడా వినబడింది. మరదలు సంతోషిస్తూనే తొక్కడం నెమ్మదించింది, ఎందుకంటే పంపుహౌసు కనబడుతోంది.

పంపుహౌసు దగ్గర నీళ్లలో రెండు మొద్దులు మాత్రం నిలబడి ఉన్నాయి. వదిన బ్రేకు వేసింది. కొంత దూరంలో పెద్ద వంతెన మీద లారీ ఒకటి గర్జిస్తూ పోయింది. వదిన భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి.

"వదినా, నేను నీకు..."

"అబద్ధం చెప్పావు. తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే. ఇది కొట్టుకుపోయిన రోజు ఇక్కడ దెబ్బలు తగిలినవాళ్లకి కట్లు కట్టింది నేనే తల్లీ. అయినా పాతికేళ్లుగా నీ దగ్గర బట్టలు కుట్టించుకుంటున్నా, కాజాలు మిగిలాయని నువ్వు చెప్పే గొంతు నాకు తెలీదా?"

మరదలు సిగ్గుతో నేల చూపులు చూసింది. "మరి తెలిసీ ఎందుకొచ్చావు?"

వదిన నీళ్లలోని మొద్దుల వైపు చూసింది. "ఇంట్లో కూర్చుంటే రేపు వద్దని చెప్పాలి. ఇక్కడిదాకా వస్తే ఏం చెప్పాలో తెలుస్తుందేమో అని" అంది. "పద, చూద్దాం."

వంతెన మొదట్లో ఆగారు. దిగి నడిపించుకు వెళ్దామంది మరదలు, తను బండ్లు వచ్చే వైపు నడుస్తానంది. వదిన తల అడ్డంగా ఊపింది. నడిస్తే ఐదారు నిమిషాలు ఆ చప్పుడు భరించాలి, తొక్కితే రెండు.

"నాకు కనబడేదంటే భయం లేదు. వెనకనించి వచ్చేదంటేనే. నువ్వు వెనక ఉండు. ఏం వస్తోందో చెబుతూ ఉండు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్కటి దాచినా నేను మళ్లీ సైకిలెక్కను."

ఎక్కారు. "ఏం లేదు వదినా... ఇంకా ఏం లేదు... కారు, చిన్నది, దూరంగా ఉంది. దగ్గరికొస్తోంది. పక్కకి జరిగింది. పోయింది." సగం దూరం అలా గడిచింది. అప్పుడు వెనక లారీ కనబడింది. పైనిండా ఇసుక, దారి సగం ఆక్రమించి వస్తోంది. ఏం లేదంటే సరిపోతుంది, ఈలోపు దాటేస్తాం అని పాత అలవాటు నాలుక చివరిదాకా వచ్చేసింది.

"లారీ వదినా. పెద్దది. ఇసుకది" అంది. "వందగజాలు. వేగంగానే వస్తోంది. డ్రైవరు మనల్ని చూశాడు, పక్కకి తీస్తున్నాడు. ఇప్పుడొస్తుంది... ఇప్పుడే."

గాలి కొట్టింది. ఇసుక కళ్లలో పడింది. వదిన హ్యాండిలు అటూ ఇటూ ఊగి, మళ్లీ కుదురుకుంది. మరదలు ఏడుస్తూనే "పోయింది, పోయింది" అని అరిచింది.

అవతల కంకర తగలగానే వదిన దిగి, సైకిలుకి స్టాండు వేసి, కట్ట మీద కూలబడింది. కళ్లలో పడ్డ ఇసుక తుడుచుకుంది. మరదలు పక్కన కూర్చుని ఆవిడ చేతులు తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇంక రేపు ఒప్పుకుంటానని చెప్పెయ్యొచ్చు" అంది మరదలు.

"దేనికి? రోజూ నువ్వు దుకాణం మూసేసి నా వెనక వస్తావా?"

"వస్తాను."

"రాలేవు" అంది వదిన. కోపంగా కాదు. లేచి సైకిలు తిప్పింది. "నువ్విక్కడే ఉండు. నేను ఒక్కదాన్నే అటు వెళ్లి, మళ్లీ వస్తాను. అరవకు. ఏం చెప్పకు."

వదిన వంతెన ఎక్కింది. తొక్కుతున్న వీపు చిన్నదైపోతోంది. ఇంతలో మరదలి పక్కనించే ఒక వ్యాను వంతెన ఎక్కింది, కిందటేడు తగిలినదాని లాంటిదే, తెల్లది. అరవొద్దందని రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకుంది.

వ్యాను వదినని పూర్తిగా కప్పేసింది. సైకిలు లేదు, మనిషి లేదు, తెల్లటి రేకు తప్ప ఏమీ కనబడలేదు.

వ్యాను ముందుకి పోయింది. వదిన రోడ్డు అంచున ఒంటికాలు నేలకి ఆన్చి ఆగిపోయి ఉంది. తల వంచుకుని ఉంది. ఇంక వెనక్కి నడిపించుకొచ్చేస్తుందని మరదలు అనుకుంది, వచ్చినా ఏమీ అనకూడదనుకుంది. వదిన తలెత్తి, మెడ వెనక్కి తిప్పి, వచ్చే బండ్లని తన కళ్లతో తనే చూసుకుంది. కాలు పెడలు మీద పెట్టి ముందుకే తొక్కింది.