చెరపని బొట్టు

మహబూబ్‌నగర్ శివారు ఫ్యాక్టరీ షెడ్డులో సంధ్య రేవు నుంచి వస్తున్న వీడియో కాల్ అందరికీ కనబడేలా ఫోను ఎత్తి పట్టుకుంది. చుట్టూ పనివాళ్లు మెడలు సాచి ఎగబడ్డారు. మరి ఎగబడరా? వాళ్లు చెమటోడ్చి చేసిన ఉక్కు ట్యాంకు, మూడు బస్సులంత పొడుగుది, అక్కడ రేవులో ఓడెక్కబోతోంది. దాన్ని ఎక్కడ పట్టి ఎట్లా లేపాలో లెక్కకట్టిన ఇంజనీరు సంధ్యే. లేచాక ఊగకుండా అక్కడ రేవులో తాడు పట్టి కిందే నిలబడ్డది ఆమె తమ్ముడు శ్రవణ్. మోత్కూరు మగ్గాల ఇంట్లో పుట్టి ఇద్దరికిద్దరూ ఇనుములో పడ్డారని వాళ్ల నాయిన నవ్వుతుంటాడు.

వీడియోలో క్రేను తాళ్లు బిగిశాయి. అప్పుడు చూసింది సంధ్య. ట్యాంకు నట్టనడుమ చేటంత బొట్టు, పసుపు మీద ఎరుపు. ఎత్తే పట్టీలు ఆ బొట్టుకు అటొకటి ఇటొకటి, సరిసమానంగా వేసి ఉన్నాయి.

ట్యాంకు తలవైపు ఇనుము మందం, బరువంతా అటే. బరువు సరితూగే చోటు నడుమ కాదు, తలవైపు జరిగి ఉంటుంది. అక్కడ దగ్గరుండి నల్లరంగు గుర్తు వేయించింది. ఆ గుర్తేదీ?

"బాలన్నా, నల్ల గుర్తు ఏమైందే?"

రంగులేసే బాలయ్య తాపీగా చెప్పాడు. "లారీకి ఎక్కించినంక గీతలు వడ్డయని సారు ఇంకోసారి రంగు కొట్టుమన్నడు గద మేడం. అంత కొట్టేసిన. బొట్టొక్కటే జర పైలంగ ఇడిసిపెట్టిన. దసరా నాడు పెట్టిన బొట్టాయె, ఎవలన్న చెరుపుతరా?"

నిజమే, మన దిక్కు ఎవరు చెరుపుతారు? కానీ రేవులోని పరాయి రాష్ట్రం వాళ్లకు అది పూజబొట్టని ఎట్లా తెలుస్తుంది? కాగితం మీద కొలతలున్నాయి. ఎదురుగా గుర్తు కనబడుతుంటే టేపు పట్టే ఓపిక ఎవడికి?

"తమ్మీ, తాడు ఇడిసిపెట్టు! ఉరుకు! దించుమనురా!" సంధ్య గొంతు చించుకుంది. ఆ రొదలో ఎవడు వింటాడు? ట్యాంకు తోక లేచింది, తల నేలను వదల్లేదు. పట్టీ జర్రున జారింది. ట్యాంకు గిర్రున అడ్డం తిరిగి, తాడుతో పాటు శ్రవణ్‌ను ఈడ్చుకుపోయింది. వీడియో తీస్తున్నవాడు కెవ్వుమన్నాడు. ఫోను కట్టయింది.

సంధ్య చేసిన ఫోను చేసినట్టే ఉంది, ఎవరూ ఎత్తరు. "ఏంగాదు బిడ్డా, ఏంగాదు" అంటున్నాడు బాలయ్య. నాయినకు ఏం చెప్పాలి? నా లెక్క తప్పలేదని చెప్పాలా? థూ, ఆ లెక్క ఎవడిక్కావాలి!

ఫోను మోగింది.

"అక్కా..." స్పీకర్లో శ్రవణ్ గొంతే. రొప్పుతున్నాడు. "బతికిన. చెయ్యి ఇరిగింది. దవాఖానకు తీస్కపోతున్రు."

సంధ్య నేల మీద కూలబడి బావురుమంది.

"ఏడ్వకే. నేనొచ్చేసరికే పట్టీలేసిన్రు. గా నడుమ బొట్టు పెట్టినోడెవడే? అందరు గదే గుర్తనుకున్నరంట. వాని చేతులిరగ! ఎవడక్కా వాడు?"

షెడ్డులో తలలన్నీ సంధ్య వైపు తిరిగాయి. కుంకుమైతే వానకు పోతుందని, పెయింటు డబ్బా తెప్పించి, నిచ్చెనెక్కి మురిసిపోతూ ఆ బొట్టు పెట్టింది ఆమే.

"నేనే రా తమ్మీ" అంది సంధ్య.