చేదు తెలియని నాలుక

ఆసిఫాబాద్ అడవి అంచున ఉన్న ఆ పల్లెలో వానాకాలపు పుట్టగొడుగులు ముందు శంకరవ్వ నోట్లోకి, ఆ తర్వాతే పొయ్యి మీదికి. ఆమె నమిలి మింగితే వండుకోవాలి, ఉమ్మితే పారెయ్యాలి. ఇరవై ఏళ్లుగా ఇదే కట్టుబాటు. నిజాం రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, శంకరవ్వ ఉమ్ముకు మాత్రం ఎదురు లేదు.

తంటా అంతా కొమ్మలు కొమ్మలుగా విచ్చే పుట్టగొడుగులతోనే. వాటిలో రెండు రకాలు, ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. మొదలు తెల్లగా, లావుగా ఉండి కొసలు మాత్రమే ఎర్రబడితే అది తినేది. కొమ్మలన్నీ గులాబీ రంగులో ఉండి కొసలు పసుపుపచ్చగా ఉంటే అది కడుపు కడిగేసేది. దాన్ని వేలితో రుద్దితే కమిలి నల్లబడుతుంది, నమిలితే చేదు.

నిరుడు జ్వరంతో పడి లేచాక శంకరవ్వ నాలుకకు రుచి పోయింది. ఎవరికీ చెప్పలేదు. వేలితో రుద్ది చూసి, నోటితో నమిలినట్టు నటించి నెట్టుకొచ్చింది. ఈసారి ఐదు రోజులు విడవని వాన. రంగులు వెలిసిపోయాయి, అన్నీ ముందే కమిలి ఉన్నాయి. రుద్దితే తెలిసేదేమీ లేదు.

నాలుగిళ్ల ఆడవాళ్లు బుట్టలు దించి నిలబడ్డారు. ఇళ్లలో జొన్నలు అడుగంటాయి. ఆరో నెల కడుపుతో ఉన్న కోడలు బాలవ్వ కూడా ఆమె నోటి వంకే చూస్తోంది. శంకరవ్వ ఒక కొమ్మ తుంచి నమిలింది. మట్టి నమిలినట్టుంది. అలవాటు కొద్దీ మింగేసింది. అది చూసి బాలవ్వ బుట్ట ఎత్తుకుంది.

"ఆగు బిడ్డా," అంటూ శంకరవ్వ అక్కడే కూలబడింది. "నాకు రుచి తెలుస్తలేదు. నిరుడు జరమొచ్చినప్పటి సంది గింతే. లస్మవ్వా, నువ్వు జర నమిలి చూడు."

పక్కింటి లస్మవ్వ కొరికి, వెంటనే ఉమ్మేసింది. "చేదున్నది వదినె. నిరుడంత మాకు గిట్లనే తినవెడ్తివా?"

శంకరవ్వకు ఇక అబద్ధానికి కూడా ఓపిక లేదు.

పొద్దు గూకేదాకా శంకరవ్వకు కడుపు మెలిపెట్టింది, వాంతులయ్యాయి. బాలవ్వ ఉప్పునీళ్లు తాగించి, పక్కనే కూర్చుంది.

నాలుగో రోజు ఆడవాళ్లు మళ్లీ అడవి నుంచి వచ్చారు. బుట్టలు అరుగు మీద కూర్చున్న శంకరవ్వను దాటి లస్మవ్వ వాకిట్లోకి పోయాయి. బరువు దిగిందని హాయిగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం బాలవ్వ కూర తెచ్చి ముందు పెట్టింది. "లస్మత్త చూసింది. తిను అత్తా."

శంకరవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. ఇన్నేళ్లూ ఊరంతా తన మొహంలోకి చూసినట్టే, కోడలి మొహంలోకి చూసింది. బాలవ్వ తలూపింది. అప్పుడు మింగింది.