మరచెంబు నీళ్లు

1938 ఏప్రిల్ ఇరవై ఆరు, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. గాలి కదలడం లేదు. నాగర్‌కర్నూలు దవాఖాన వసారాలోని ఉష్ణమాపకం ఎనభై ఎనిమిది ఫారన్‌హీటు డిగ్రీలు చూపుతోంది. లోపలి పరీక్షల గదిలో నౌకరు ప్రభుదాసు గాజుపలకలను సబ్బునీటిలో కడిగి, ఒక్కొక్కదాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పాతబట్ట మీద ఆరబెడుతున్నాడు.

పదకొండేళ్లుగా అదే పని. రంగునీళ్లు పట్టి అతని గోళ్లు ఊదాగా మారాయి. సూక్ష్మదర్శినిలోకి చూసి చూసి కుడికంటి చుట్టూ మాత్రమే ముడతలు పడ్డాయి. ఊరందరి నెత్తురూ కఫమూ మలమూ ముట్టే చెయ్యి కనుక ఆ చేతి బీడీని తోటి నౌకర్లు సైతం అందుకోరు. రోగి దండం పెట్టేది డాక్టరుకే. అయితే ఒక జ్వరానికి కారణం ఏమిటో ఈ లోకంలో అందరికంటే ముందు తెలిసేది అతనికే. డాక్టరుకు చెప్పేలోపు ఆ రెండు నిమిషాలు అతని సొంతం.

ఆ రోజు బల్ల మీద ఒక సీసా ఉంది. కోడేరు దగ్గరి పల్లెలో కూలి చేసుకునే చెల్లెలు సాయమ్మ కుండలోంచి ఆదివారం తాను తెచ్చిన నీళ్లవి. వరసగా రెండు వేసవులు ఆమె కాలికి నారికురుపు లేచింది. మూడోసారి లేస్తే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. కురుపున్న కాళ్లతో ఆ పల్లె జనం దిగుడుబావిలో దిగుతారు. కురుపులోని దారంలాంటి నారిపురుగు పిల్లలు నీళ్లలో పడతాయి. వాటిని నీటిలోని నలుసంత ప్రాణులు మింగుతాయి. ఆ నీళ్లు తాగినవారికి ఏడాదికి కురుపు లేస్తుంది. సాయమ్మ ఆ మెట్ల మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. ఊరి వెలుపలి వాడ మనిషి కనుక ఆమెకు ఆ హక్కు లేదు. పైనుంచి ఎవరో పోసినవే ఆమె తాగుతుంది. మెట్లు మూయాలంటే ఊరి పటేలు నాగప్ప మాట కావాలి.

ఎనిమిదిన్నరకు ఆ నాగప్పే గూడు కట్టిన కచ్చురం బండి దిగాడు. కురుపులోంచి లాగుతూ పుల్లకు చుడుతున్న నారిపురుగు తెగి అతని చీలమండ వాచింది. కట్టు కట్టించుకుని వసారాలో కూర్చున్నాక ప్రభుదాసు సీసా పట్టుకుని ఎదుట నిలబడ్డాడు.

"పటేలా, మా చెల్లె కుండల నీళ్లివి. పురుగులున్నయి. జర చూస్తరా?"

"నీ చెల్లె కుండలనే పుట్టినయేమోర! మా బాయి మీద నింద పెడ్తవా?"

సాయమ్మ కూలికి పోయేది ఆ పటేలు చేనుకే. ఇక్కడ మాట జారితే అక్కడ పని పోతుంది. పటేలు పక్కన ఆ బావి నీళ్లతో నింపుకొచ్చిన మరచెంబు ఉంది. అతను బయటి నీళ్లు ముట్టడు.

"గట్లయితే మీ చెంబుల నీళ్లే పొయ్యిండ్రి. నేను ముట్ట."

పటేలు జానెడు ఎత్తునుంచి గాజుగిన్నెలోకి పోశాడు. ప్రభుదాసు సూక్ష్మదర్శినిని వసారాలోకి తెచ్చి, గిన్నెలో కదులుతున్న ఒక నలుసును సన్నని గొట్టంతో పీల్చి, పలక మీద వదిలి, అద్దం సరిచేశాడు.

"నీ కన్ను తాకింది గాదుర గది?"

ప్రభుదాసు కన్ను ఆనించే చోటును స్పిరిటుతో తుడిచాడు. అదీ చాలలేదు. పటేలు తన కండువా కొసను సూక్ష్మదర్శిని గొట్టంపై కప్పి వంగాడు.

"ఏం లేదు. అంత చీకటే."

"కండువ అడ్డమున్నది పటేలా."

మందుకోసం కూర్చున్న ముసలి ఎంకమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. పటేలు కండువా లాగేసి మళ్లీ వంగాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఓర్ని! ఉరుకుతున్నదిర! తోక గూడ ఉన్నది. గిదేనా నేను తాగుతున్నది?"

"మీరు తాగిన్రు. మీరు పోస్తే మేం తాగినం."

పటేలు చెంబులో మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోసి బండి ఎక్కాడు. నెల తిరగకుండా బావి మెట్లకు రాతిగోడ అడ్డం కట్టించి గిలకలు పెట్టించాడు.

మరుసటి ఫిబ్రవరిలో ప్రభుదాసు చనిపోయాడు. అతనికి నలభై రెండేళ్లు. స్పిరిటు దీపం అల్లాడకూడదని అతను ఆ గది కిటికీ ఎన్నడూ తెరవలేదు. ఇతరుల కఫంలోని క్షయ ఆ గాలిలోనే అతని ఊపిరితిత్తులకు చేరింది. తన కఫపు పలకకు తానే రంగు వేశాడు కానీ, ఆ ఒక్కదాన్ని ముందుగా చూడలేదు. "జర మీరే చూడుండ్రి సార్" అని డాక్టరు చేతికిచ్చాడు.

1940 వేసవిలో ఆ పల్లెలో ఎవరికీ నారికురుపు లేవలేదు. సాయమ్మ మోకాలు బిగుసుకోలేదు. అయితే ఇదివరకు ముంచి పోసిన నీళ్లను ఇప్పుడు చేది పోయవలసి రావడంతో పోసే చేతులు తగ్గాయి. ఆమె కుండ చాలా రోజులు సగమే నిండి ఇంటికి వచ్చేది. 1945లో సాయమ్మ వాడవాళ్లు సొంతంగా బావి తవ్వుకున్నారు. దాని రాతి ఒరకు నాలుగు గిలకలు బిగించారు, మెట్లు కట్టలేదు.