పెరేడ్ అయ్యేదాకా

పదింటికి ముఖ్య అతిథిగా రావలసిన కర్నూలు మేడం గారు పదకొండున్నరకు కూడా రాలేదు. బనగానపల్లె దాటారని ఒకసారి, ఇంకా దాటలేదని ఒకసారి ఫోను. చెప్పిన వేళకు వస్తే పెద్దవాళ్లెలా అవుతారు లెండి! ఆలస్యం వాళ్లది, ఎండ పిల్లలది.

ఆరోజు ఫిబ్రవరి ఇరవై రెండు. కోయిలకుంట్ల దారిలో ఉన్న ఆ హైస్కూల్లో గైడ్స్ దళం పెట్టి సరిగ్గా ఇరవై ఐదేళ్లు. షామియానా అతిథులకు వేశారు. ముప్పై ఆరుగురు ఆడపిల్లలు నీలం దుస్తుల్లో, మెడలో స్కార్ఫులతో ఎనిమిదింటి నుంచి ఎండలో వరుసకట్టి నిలబడ్డారు. వాళ్ల గైడ్ కెప్టెన్ స్వర్ణలత ఆ వరుస పక్కన కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

ఆమెకూ ఈరోజు అవార్డు ఉంది. పన్నెండేళ్లుగా పిల్లలకు తాడు ముళ్లు, గుడారాలు, కట్లు కట్టడం నేర్పినందుకు ఉత్తమ కెప్టెన్ అవార్డు. దానికోసం కొత్త చీర కూడా కట్టుకుని వచ్చింది. కానీ చీర మీద ధ్యాస లేదు. చూపంతా పిల్లల పెదవుల మీదే ఉంది. ఎండిపోయి, తెల్లగా పొరలు లేచిన పెదవులు. అలా చేసింది తానే.

నిన్న సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "రేపు పొద్దున్నుంచి నీళ్లు తాగొద్దండమ్మా. పెరేడ్ అయినంక తాగుదురు. నడిమధ్యలో 'టీచర్, పోయొస్తా' అంటే నేను పంపల్లేను." మరి పంపితే ఎక్కడికి పంపుతుంది? ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లెక్కించే మోటారు కాలిపోయి నెలైంది, తలుపుకు గడియ లేదు. మామూలు రోజుల్లో గోడ వెనక కంపచెట్ల చాటుకు పోతారు. ఈరోజు అక్కడ అతిథుల కార్లు ఆపడానికని కంపలన్నీ కొట్టించారు. ఇంతా చేసి ఆమె చెప్పే పాఠం జీవశాస్త్రం. ఒంట్లో నీళ్లు తగ్గితే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా హెడ్మాస్టరు రామకృష్ణ సారు వచ్చాడు.

"స్వర్ణలతమ్మా, మేడం వచ్చేలోపల ఇంగొకసారి కవాతు చేపీ. యాడా తప్పు పోగూడదు."

"సార్, పిల్లోళ్లు శానా అలిసిపోయినారు. రొన్ని నీళ్లన్నా ఇద్దాం."

"ఇచ్చి? తాగినంక యాడికి పంపుతావు?"

పంపే చోటు లేదని తెలిసే ఆయన అడిగాడు. స్వర్ణలత ఈల నోట్లో పెట్టుకుంది. పిల్లలు మళ్లీ కవాతు చేశారు. ఈల ఊదుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

పన్నెండుంబావుకు కారు వచ్చింది. జెండా, ప్రార్థన, పాట, కవాతు అన్నీ సవ్యంగా జరిగాయి. ఇక ప్రథమ చికిత్స ప్రదర్శన ఒక్కటే. అది కూడా గట్టెక్కితే అవార్డులిచ్చి పంపేస్తారు. ఇంకొక పది నిమిషాలు తల్లుల్లారా, పది నిమిషాలు ఓర్చుకోండి అని స్వర్ణలత మనసులోనే పిల్లల్ని బతిమాలుకుంది.

ప్రదర్శనలో ఎనిమిదో తరగతి సాహితి సైకిలు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకోవాలి. పదో తరగతి శివాని, దళ నాయకురాలు, ఆ కాలికి బద్దలు పెట్టి కట్టు కట్టాలి. రిహార్సలు చేసిన ప్రతిసారీ సాహితి పాడుచేసింది. అరికాలికి గుడ్డ తగిలితే చాలు, కితకితలకు పగలబడి నవ్వేది. "ఏమే, కాలిరిగినోళ్లు నవ్వుతారా?" అని స్వర్ణలత ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

సాహితి పడింది. బాగా పడింది. షామియానా కింద చప్పట్లు మోగాయి. శివాని బద్దలు పెట్టింది, అరికాలి కింద నుంచి గుడ్డ తిప్పింది. సాహితి నవ్వలేదు.

"భలే చేస్తాండాది ఈ పాప!" అన్నాడు రామకృష్ణ సారు.

అమ్మయ్య, నవ్వలేదు అనుకుంది స్వర్ణలత కూడా. శివాని రెండో చుట్టు తిప్పింది. అప్పుడూ ఆ కాలు కదల్లేదు.

స్వర్ణలత కొత్త చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని మైదానంలోకి పరుగెత్తింది. పిల్ల నుదురు కాలిపోతోంది. అంత ఎండలోనూ చెమట చుక్క లేదు.

"శివానీ! నిజంగానే పడిపోయిందే! నీడకు పట్టు!"

ఇద్దరూ కలిసి పిల్లను షామియానా కింద అతిథుల తివాచీ మీదికి చేర్చారు. ఇదీ ప్రదర్శనే అనుకుని ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు. శివాని స్కార్ఫు వదులు చేసింది, మెడకూ చంకలకూ తడిగుడ్డ పెట్టింది, ఎవర్నో పిలిచి 108కు ఫోను చేయించింది. నేర్పిన టీచరు మాత్రం నేర్పిందంతా మరిచిపోయి పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, "కండ్లు తెరువు నా తల్లీ, కండ్లు తెరువు" అంటూ కూర్చుంది. ఒంటిమిట్ట రాముడికి, మంత్రాలయం స్వామికి ఒక్క ఊపిరిలో మొక్కేసింది.

ఎంతసేపటికో సాహితి కళ్లు తెరిచింది. శివాని సీసా నోటి దగ్గర పెట్టింది. పిల్ల మొహం తిప్పుకుంది.

"వద్దక్కా. పెరేడ్ ఇంగా కాలేదు గదా. టీచర్ తిడ్తాది."

స్వర్ణలత అందరి ముందూ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే సీసా అందుకుని గుక్క గుక్కగా తాగించింది. 108 ఇంకా దారిలోనే ఉంది. సాహితి లేచి కూర్చున్నాక, మైదానంలో ఉన్నవాళ్లను నీడకు పిలిచి, అతిథుల కోసం తెచ్చిన సీసాలన్నీ పంచింది.

"తాగండమ్మా, అందరూ తాగండి!"

ఒక్కరూ తాగలేదు. సీసాలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. శివాని దగ్గరికొచ్చి, సిగ్గుతో గొంతు తగ్గించి అంది. "తాగితే పోవల్ల గదా టీచర్. యాడికి పోవల్ల?"

అంతలో రామకృష్ణ సారు పరువు దక్కించుకునే తొందరలో మైకు అందుకున్నాడు. "మన పిల్లలు ఎంత చురుగ్గా ఉన్నారో చూశారు కదా! వీరికి శిక్షణ ఇచ్చిన ఉత్తమ కెప్టెన్ స్వర్ణలత గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం."

స్వర్ణలత వేదిక ఎక్కింది. మేడం గారు జ్ఞాపిక అందించబోయారు. స్వర్ణలత దాన్ని అందుకోకుండా మైకు అందుకుంది.

"ఆ పాప నటించల్యా. పొద్దున్నుంచి నీళ్లు తాగొద్దని నేనే చెప్పినా. తాగితే పోయేదానికి ఈడ జాగా లేదు. నాకీ అవార్డు వద్దు మేడం. మీ కోసరమని కడిగి, తాళమేసి పెట్టిన బాత్రూము ఉండాది. అది పిల్లోళ్లకు తీపీండి."

మేడం గారు జ్ఞాపిక బల్ల మీద పెట్టి హెడ్మాస్టరు వైపు చూశారు. హెడ్మాస్టరు నేల చూశాడు. తాళంచెవి అటెండరు గిడ్డయ్య మొలతాటికి ఉంది. అతను ఎవరి మాట కోసం ఆగాలో తెలియక నిలబడ్డాడు.

"నిలబడ్డావేమయ్యా? తియ్యి!" అన్నారు మేడం గారు.

గిడ్డయ్య పరుగెత్తాడు. పిల్లలందరూ అటే చూస్తున్నారు. తాళం ఊడి, తలుపు తెరుచుకోవడం కళ్లారా చూశాకే శివాని తన సీసా మూత తిప్పింది. ఆమెను చూసి మిగతా ముప్పై నలుగురూ తిప్పారు.