స్వరూప పంపిన గిరాకీ

మిషను కింద రాలిన గుడ్డ ముక్కలను ఊడ్చి పారబోసే ఇల్లు కాదది. రోజూ మధ్యాహ్నం అంట్లు తోమి, అత్త కొమురమ్మకు చాయ్ చేతికిచ్చి, స్వరూప నేల మీద చతికిలబడి ఆ ముక్కలు ఏరుకుంటుంది. అరచేతిలో సగం ఉంటే చాలు. ఏ ముక్క ఎవరి జాకెట్టుదో ఆమెకు చూడగానే తెలుస్తుంది. ముక్క మూలన ఎర్రదారంతో రెండు కుట్లు వేసి జాకెట్టు మడతలో పెడుతుంది. "లాడ్ బజార్ల ఇక్బాల్ భాయ్ దుకాణంల ఈ ముక్క చూపియ్యి వదినా, రంగుకు రంగు కలిపి మంచి గాజులిస్తడు" అని చెప్పి పంపుతుంది. ఛత్రినాకలో వాళ్ల గల్లీలో పెళ్లి కుదిరిందంటే జాకెట్లు స్వరూప దగ్గర, గాజులు స్వరూప చెప్పిన దగ్గర. ఎర్రకుట్లు కనబడితే చాలు, గిరాకీని పంపిందెవరో ఇక్బాల్ భాయ్‌కి తెలిసిపోతుంది. ముక్కను డబ్బాలో వేసుకుంటాడు, నెలాఖరుకు లెక్క చూసి కమీషన్ ఇస్తాడు.

"నీదే మంచిగున్నదే. పెట్టుబడి లేదు, దుకాణం కిరాయి లేదు. కూసున్నకాడ కూసోని నోటిమాట చెప్తవు, పైసలొస్తయి" అంటాడు సాగర్. సాగర్ ఆమె మొగుడు, బస్సు డిపోలో మెకానిక్కు. డిపోలో ఎవరో స్నేహితుడు అతణ్ని కోఠీలో ఒక హోటల్ మీటింగుకు తీసుకుపోయాడు. మెడకు టై కట్టుకున్నవాడొకడు సరుకు కొనకుండా, అమ్మకుండా, నలుగురికి చెప్పి లక్షాధికారులు కావడం ఎలాగో అక్కడ బోర్డు మీద బొమ్మలేసి చూపించాడట. అప్పటినుంచి సాగర్‌కి పెళ్లాం చేస్తున్నది పెద్ద ధంధాలాగా కనబడడం మొదలైంది. చెయ్యబోయేది తాను కాదు కదా, కనబడదూ మరి!

నోటిమాటట, నోటిమాట. ఆ నోటికి విలువ ఊరికే వచ్చిందా అని స్వరూప లోలోపల మండిపడుతుంది. ఇన్నేళ్లలో చంక దగ్గర పట్టేసిన జాకెట్టు ఒక్కటి ఆమె చేతినుంచి పోలేదు. పెళ్లి రేపనగా గుడ్డ తెచ్చి మీద పడేసినా కాదనలేదు. కొలతలకు వచ్చిన ఆడవాళ్లు టేపు చుట్టూ తిప్పుతుంటే వాళ్ల అత్తల మీద, ఆడబిడ్డల మీద చెప్పుకున్న కష్టమంతా విన్నది, విన్నది ఇంకో చెవిన పడనియ్యలేదు. ఒంటి మీద దెబ్బల గుర్తులు కనబడితే చూడనట్టే ఉండి, చేతులు పొడుగ్గా కుట్టి పెట్టింది. వచ్చినవాళ్లందరికీ ఇన్ని చాయ్‌లు పోసింది. అప్పుడు కదా "స్వరూప చెప్పిందంటే ఇగ జూడక్కర్లేదు" అనే మాట గల్లీలో పుట్టింది! ఇదంతా పెట్టుబడి కాదట. ఉత్తగనే వచ్చిందట. పొద్దున లేచి నీళ్లు పట్టడం దగ్గర్నుంచి పండుకోబోయే ముందు అత్త కాళ్లకు నూనె రాయడం దాకా ఆమె చేసేది కూడా ఉత్తగనే అయిపోతున్నట్టు ఇంట్లో అందరికీ ఒకటే నమ్మకం. మిషను తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్లు కట్టి సాయంత్రానికి లేచి నిలబడలేకపోతే, "ఏం బరువులు మోసినవే నువ్వు? కూసోనే ఉన్నవు గదా" అంటుంది కొమురమ్మ. అనీ అనీ, తాను నిజంగానే కూర్చునే ఉన్నానేమోనని ఒక్కోసారి స్వరూపకే అనుమానం వచ్చేది.

మొదట్లో కమీషన్ స్వరూపే తెచ్చుకునేది. బస్సెక్కి, చార్మినార్ దగ్గర దిగి, జనంలో పడి ఆ దుకాణానికి పోతే ఇక్బాల్ భాయ్ స్టూలు వేసి కూర్చోబెట్టి, "ఆప్ భేజే సో గిరాక్ బహుత్ అచ్ఛే హైఁ బెహెన్" అని ఆమె పంపిన గిరాకీని మెచ్చుకుంటూ పైసలు చేతిలో పెట్టేవాడు. ఆ పైసలతో ఒకసారి చెప్పులు కొనుక్కుంది. ఎవర్నీ అడక్కుండా కొనుక్కున్న చెప్పులు! ఎందుకూ, ఎంత అని ఇంట్లో ఎవరూ అడగకముందే వాటిని తొడుక్కుని మక్కా మసీదు దాకా ఊరికే నడిచి వచ్చింది. ఎంత సంతోషమయ్యిందంటే, ఇంటికొచ్చి చారులో ఉప్పు మరిచిపోయింది. ఇంకొన్నాళ్లు కూడబెడితే మిషనుకు మోటరు పెట్టించుకోవచ్చు, కాళ్లు బతుకుతాయి అనుకుంది.

చారులో ఉప్పు లేకపోవడమే కొంప ముంచింది. "బజార్లు తిరిగే ధ్యాసల పడ్డంక ఇంట్ల ఏమున్నదో ఏం లేదో దానికెట్ల తెలుస్తది" అని కొమురమ్మ అందుకుంది. సాగర్ కంచం ముందునుంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు. "మొగోళ్ల నడుమ నువ్వు కూసోని హిసాబ్ చేసుడేంది? నా ఇజ్జత్ ఏం గావాలె? నేను డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు అటుకెల్లి తెస్త తియ్యి." అందులో కొట్లాడడానికేముంది? మొగుడు ఆమె బస్సు ఖర్చు తప్పించాడు, ఆమె శ్రమ తప్పించాడు. పైకి చూస్తే ఎంతో ప్రేమ! ఆ నెలనుంచి కమీషన్ సాగర్ జేబుకు అలవాటు పడింది. కొత్త సెల్‌ఫోనొచ్చింది, దానికి రీచార్జీలు వచ్చాయి, స్నేహితులతో హోటలు చాయ్‌లు వచ్చాయి. మోటరు మాటెత్తితే, "ఇల్లు నేను నడిపిస్తలేనా? నీ పైసలు నా పైసలు అని ఏంది కొత్తగ?" అనేవాడు. ఏది ఎవరిదన్న ప్రశ్న సాగర్‌కి ఎప్పుడూ స్వరూప పైసల దగ్గరే అనవసరమనిపించేది.

అయినా ఆమె పంపడం మానలేదు. ఎందుకు మానాలి? గాజులు మంచివే. రంగు కలుస్తోంది, పెళ్లిళ్లలో అందరూ మెచ్చుకుంటున్నారు. తన చేతికి రాకపోయినా తన మాట నిలబడుతోంది, అదే చాలనుకుని సర్దుకుంది. సర్దుకోవడం ఆమెకు కొత్తా?

మాఘమాసంలో ఆ మాట కాస్తా పడిపోయింది. "కొత్త మాల్ వచ్చిందట. చూస్తే లక్కగాజుల తీర్గనే ఉంటయి, మస్తు సస్తా. అందరికీ అదే చెప్పు" అన్నాడు సాగర్ ఒకరోజు. తన చేత్తో పట్టి చూడని సరుకును స్వరూప ఎన్నడూ చెప్పి ఎరగదు. కానీ పెళ్లిళ్ల రద్దీ, తల ఎత్తే తీరిక లేదు, చూసొస్తానంటే బజారు మాట మళ్లీ లేస్తుంది. మొగుడు చూశాడు కదా అనుకుంది. వెనక గల్లీ ఆండాలు బిడ్డ పెళ్లికి అదే చెప్పింది.

పెళ్లైన మర్నాడు ఆండాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాకిట్లో వాళ్లంతా వినేటట్టే మాట్లాడింది. "తలంబ్రాలు పోస్తుంటే నా బిడ్డ దోసిట్లకెల్లి బియ్యంతోని గాజుల రాళ్లు రాలినయ్ స్వరూపా! మొగపెండ్లోళ్లు ఏరి పళ్లెంల పెట్టి, కొత్త కోడలు ముత్యాలు పోస్తున్నదే అని నవ్విండ్రు. నా బిడ్డ తల దించితే మళ్ల ఎత్తలే. నువ్వు చెప్పినవని గదనే కొన్న?" ఆమె కళ్లలో నీళ్లు చూసి స్వరూపకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సాగర్ లోపలే ఉన్నాడు. టీవీ సౌండు కొంచెం పెంచాడు. ఆండాలు పోయాక, "ఆడోళ్ల లొల్లి, నడుమ నేనెందుకు?" అన్నాడు.

ఆ రోజే, ఎవరికీ చెప్పకుండా, స్వరూప లాడ్ బజార్ పోయింది. ఇక్బాల్ భాయ్ ఆమె మొహం చూసి నొచ్చుకున్నాడు. "మై సాగర్ భాయ్ కు బోల్యా థా నా బెహెన్, ఏ మాల్ ఏక్ దిన్ కా హై, పానీ లగే తో నగ్ నై టిక్‌తే" అన్నాడు. అది ఒక్కపూట సరుకనీ, తడి తగిలితే రాళ్లు నిలవవనీ సాగర్‌కి ముందే చెప్పాడట. తొందరగా అమ్ముడు పోవాలనే ఆ మాల్ మీద కమీషన్ రెండింతలు పెట్టాడట. స్వరూప ఇంటికొచ్చి ఆండాలుకు రెండు జాకెట్లు కూలి తీసుకోకుండా కుట్టి ఇచ్చింది. ఆండాలు తీసుకుంది, కానీ కూర్చోలేదు, చాయ్ తాగలేదు.

ఇక అప్పటినుంచి మిషను తొక్కుతూ ఒకటే ఆలోచన. మేలేమిటి? దుకాణం పెట్టనక్కర్లేదు, సరుకు మిగిలిపోతుందన్న ఫికర్ లేదు, ఇల్లు కదలనక్కర్లేదు. చదువు లేని ఆడదానికి ఇంతకన్నా సులువైన పని ఎక్కడ దొరుకుతుంది? కీడేమిటి? దుకాణం ఇక్బాల్ భాయ్‌ది, పైసలు సాగర్‌వి, లొల్లి మాత్రం తనది. వచ్చిన ఆడది తన అక్కచెల్లెల్లాగా అడిగితే తాను మాత్రం లోపల ఇంకో లెక్క పెట్టుకుని జవాబు చెబుతోంది. కమీషన్ ఉంది అని ఎన్నడూ ఎవరికీ చెప్పలేదే! ఆ కమీషన్ గాజుల ధరలోంచి కాక ఎక్కణ్నుంచి వస్తుంది? అంటే నమ్మి వచ్చినవాళ్ల కొంగులోంచే తీసి తన మొగుడి జేబులో పోస్తోందన్నమాట. ఛీ, ఎంత మాట! అయినా అబద్ధమా? ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఒళ్లు బరువెక్కడం తప్ప ఎటూ తేలేది కాదు. మానేస్తానంటే ఇంట్లో రభస. మానకపోతే రాహేలు కళ్లలోకి ఎట్లా చూడడం?

ఎందుకంటే రాహేలు బిడ్డ పెళ్లి కుదిరింది. రాహేలు సర్కారు ప్రసూతి దవాఖానలో ఆయా, స్వరూప రెండు కాన్పులకూ పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్న మనిషి. పెళ్లికూతురికే కాదు, చుట్టాల ఆడవాళ్లందరికీ, తనతో డ్యూటీ చేసే ఆయాలందరికీ గాజులు పెట్టాలని ఆమె కోరిక. ఆ ఆదివారం సాగర్‌కి సెలవు. పొద్దున్నే చెప్పాడు. "రాహేలుది పెద్ద ఆర్డరు. కొత్త మాలే చెప్పు. ఆండాలువి ఏవో రెండు ఖరాబైనయ్, గంత మాత్రాన దుకాణం బంద్ జేస్తరా?" స్వరూప పలకలేదు. ఆమె పలక్కపోతే సరేనన్నట్టే అతని లెక్క, పెళ్లైనప్పటినుంచీ అంతే.

చర్చి నుంచి అటే వచ్చింది రాహేలు. పెళ్లి జాకెట్టు విప్పి చూసి మురిసిపోయింది. "మంచిగ కుట్టినవ్ స్వరూపా. ఇగ గా గుడ్డముక్క ఇయ్యి, గాజులకు పోతం" అని చెయ్యి చాపింది. సాగర్ కుర్చీలోంచి సైగ చేశాడు, చెప్పు చెప్పు అన్నట్టు. కొమురమ్మ చాయ్ ఊదుకుంటూ చూస్తోంది.

"ముక్క ఇయ్యనక్కా" అంది స్వరూప. "ముందు ఒక్క మాట చెప్పాలె. ఆ దుకాణంల కొంటే కమీషన్ వస్తది. అది మీ పైసలకెల్లే కడతరు. ముక్క లేకుండ పోయి బేరమాడితె తక్కువకొస్తయి. కొత్త మాల్ అసలే కొనకు, రాళ్లు రాలుతయి. ఇన్నేండ్ల సంది చెప్పలే, తప్పు నాదే."

"ఏం మాట్లాడుతున్నవే!" సాగర్ లేచి నిలబడ్డాడు.

రాహేలు చెయ్యెత్తి అతణ్ని ఆగమంది. "జర ఆగు తమ్మీ." తర్వాత స్వరూప వైపు తిరిగి నవ్వింది. "గిది ఎవలకు తెల్వదే పిచ్చిదానా? గల్లీ అంత ఎరుకనే. పక్క దుకాణంల తక్కువకొస్తయని గూడ ఎరుకనే. పొద్దుగూకులు గా మిషను తొక్కి సస్తవ్, కుట్టుకూలి పెంచమంటె నీకు నోరు రాదు. గిట్లనన్న నీ చేతిల నాలుగు పైసలు పడతయ్ గదా అని మేమే అనుకొని పోయినం. ఆండాలు గూడ గందుకే పోయింది. నీకు ముట్టినయ్ గదా?"

స్వరూపకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తాను మోసం చేస్తున్నాననుకున్న ఆడవాళ్లు, ఎరిగి ఎరిగి ఆమె కోసం ఎక్కువ ధర పెట్టారు. ఒకరికొకరు చెప్పుకుని పెట్టారు. ఆమె కాళ్ల నొప్పి ఇంట్లో ఎవరికీ కనబడలేదు, గల్లీ మొత్తానికీ కనబడింది. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. సాగర్ సెల్‌ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొమురమ్మ చాయ్ ఊదడం ఆపేసింది.

"ముట్టలేదక్కా" అంది స్వరూప. "ఈయన తెచ్చుడు మొదలుపెట్టినంక ఒక్క పైస ముట్టలే."

ఆ మాట నోటినుంచి బయటికి వచ్చాక ఒంట్లో ఎక్కడో పట్టేసిన నరం వదిలినట్టయింది. రాహేలు నవ్వు ఆగిపోయింది. సాగర్ వైపు చూసింది.

"రేపు నీతోని నేనే వస్త" అంది స్వరూప. "అన్ని దుకాణాలు తిరుగుదం. నీళ్లల్ల ముంచి చూసి తీసుకుందం. నా దినం కూలి ఏదున్నదో అది నువ్వే ఇయ్యి. నా చేతికే ఇయ్యి."

"రేపు నాది సెకండ్ షిఫ్టు" అన్నాడు సాగర్. అంతసేపు వెతికితే అతనికి దొరికిన మాట అది. "అన్నం డబ్బా ఎవలు కడ్తరు?"

స్వరూప రాహేలు మొహంలోకే చూస్తోంది.

"పదింటికి తయారుగుండు అక్కా" అంది. "దుకాణాలు తెరిచేటాళ్లకు అక్కడుందం."